సంచికి సీలు, ఉత్తరమునకు ముద్ర

మా బాల్యములో, అనగా 1990 తరువాతి సంవత్సరములలో, మా వీధికి వారమునకు ఒకటి రెండు మారులైనా కువైత్ నుండి ఉత్తరములు వచ్చేవి. రాయలసీమ పల్లెల నుండి, పట్టణముల నుండి బ్రతుకుతెరువు కొరకు గల్ఫు దేశములకు వెళ్ళినవారు ఎందరో. వారి ఇండ్లలో అక్షరము వచ్చినవారు తక్కువ. అందుచేత పోస్టుమాన్ ఇచ్చిన కవరును కొంగు చాటున పట్టుకొని ఎదురింటి ఖాలా మా ఇంటికి వచ్చేది. "బేటా, కొంచెం మెల్లగా చదువు. గోడ అవతలికి వినబడకూడదు" అనేది. మేము మెల్లగానే చదివేవారము. అయినను సాయంత్రమయ్యేసరికి ఆ ఇంటికి ఎంత అప్పున్నది, పెద్దపిల్ల పెండ్లికి ఎంత పంపబోతున్నారు అనే సంగతి వీధి వీధికంతా తెలిసిపోయేది. అది మా నోటి నుండి జారలేదని ప్రమాణము చేసి చెప్పగలమా? పదేండ్ల పిల్లవాని నోటికి తాళము వేయగలవారెవరు? ఖాలా మమ్ములను ఒక్క మాట కూడా అనలేదు. ఆ తరువాత వచ్చిన ఒక ఉత్తరమును మాత్రము చింపకుండా పెట్టెలో దాచి, మూడు నెలలకు భర్త సెలవుపై వచ్చినప్పుడు ఆయన చేతనే చదివించుకొన్నదని చాలా కాలమునకు మాకు తెలిసినది.

ఆ కాలము గతించినది. ఈనాడు కువైత్ నుండి కబురు కనురెప్ప పాటులో వచ్చుచున్నది. దరఖాస్తులు, ధ్రువీకరణ పత్రములు, ఉద్యోగపు పిలుపులు అన్నియు ఈమెయిలు మీదనే నడచుచున్నవి. అయితే ఖాలా భయపడిన గోడ ఇప్పుడు లేదని అనుకొనుట పొరపాటు. ఆ గోడ మన కంటికి కనబడుట మానినది, అంతే.

గత సంవత్సరము జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. మా వద్ద చదివిన ఒక విద్యార్థిని పి.జి. ప్రవేశమునకు దరఖాస్తు చేయదలచి, "సార్, ఈమెయిల్ ఐడి అడుగుచున్నారు, నాకు లేదు" అని వచ్చినది. "బజారులో ఏదైనా నెట్ సెంటరుకు వెళ్ళు అమ్మా, అయిదు నిమిషములలో చేసి ఇస్తారు" అని చెప్పినవారము మేమే. ఆమె వెళ్ళినది. అక్కడి కుర్రవాడు తన దుకాణపు ఫోను నంబరుతో ఆమె పేర ఒక పెట్టె తెరిచినాడు. వచ్చిన వారందరికీ పెట్టే పాస్‌వర్డునే ఆమెకూ పెట్టినాడు. ఆధార్ కార్డు, మార్కుల జాబితా, బి.సి.-ఇ ధ్రువీకరణ పత్రము, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పుట అన్నియు ఆ పెట్టె నుండే వెళ్ళినవి. కొన్ని నెలలకు ఆ దుకాణము చేతులు మారినది. ఆమెకు పెట్టె తెరుచుకొనలేదు. తుదకు ఆ కుర్రవానిని వెతికి పట్టుకొని తెరిపించగా, కౌన్సెలింగుకు రమ్మను పిలుపు అందులో ఉన్నది. తేదీ దాటి పండ్రెండు రోజులైనది. అంతేగాక ఆ ఉత్తరమును అంతకు మునుపే ఎవరో తెరిచి చదివిన గుర్తు కూడా కనబడుచున్నది.

సీటు పోయినది. ఆ పిల్ల మమ్ములను నిందించలేదు. కానీ ఖాలా మౌనము మాకు మరల జ్ఞాపకమునకు వచ్చినది. తెలుగు బోధించు మాకు కంప్యూటరుతో పని ఏమి అని ఇంతకాలము తప్పించుకొన్నాము. ఉత్తరము అనునది భాషకు సంబంధించిన వస్తువు. అది ఏ త్రోవన పోవుచున్నదో, దారిలో ఎవరి చేతులలో పడుచున్నదో తెలిసికొనుట భాషోపాధ్యాయుని విధియే అని నిశ్చయించుకొని, తెలిసినవారి వద్ద కూర్చుండి నేర్చుకొన్నాము. నేర్చుకొన్నదానిని, దాని వలన కలిగిన అభిప్రాయమును, విద్యార్థుల ముందును కళాశాల కమిటీవారి ముందును ఉంచుచున్నాము.

ఈమెయిలు పుట్టుక చాలా నిరాడంబరమైనది. 1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అను ఇంజనీరు, ప్రక్కప్రక్కనే ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య, ఆర్పానెట్ అను వలయము ద్వారా మొదటి సందేశమును పంపినాడు. మనిషి పేరును, అతడు వాడు యంత్రము పేరును వేరుపరచుటకు 'ఎట్' అను గుర్తును ఎన్నుకొన్నవాడు ఆయనయే. మన చిరునామాలో ఆ గుర్తుకు ముందున్నది ఇంటి పేరు వంటిది, తరువాత ఉన్నది ఊరి పేరు వంటిది. ఆనాడు ఆ వలయములో ఉన్నవారు కొద్దిమంది పరిశోధకులు. ఒకరినొకరు ఎరిగినవారు. తలుపులకు గడియ పెట్టుకోని చిన్న పల్లె వంటి సమాజము అది. ఈమెయిలు నియమములు ఆ పల్లెలో పుట్టినవి. వాటి మంచితనమునకు, బలహీనతకు కారణము అదియే.

1982 ఆగస్టులో జొనాథన్ పోస్టెల్ ప్రకటించిన ఎస్.ఎం.టి.పి. అను నియమావళి నేటికీ ఉత్తరముల రవాణాకు మూలాధారము. 'సరళమైన ఉత్తర రవాణా మర్యాద' అని దాని పేరునకు అర్థము చెప్పవచ్చును. మర్యాద అను మాట ఊరక వాడలేదు. రెండు సర్వర్లు కలిసికొన్నప్పుడు నిజముగానే మర్యాదగా మాటలాడుకొనును. పంపు సర్వరు ముందుగా 'హెలో' అని తన పేరు చెప్పును. రెండవది '250' అను అంకెతో సరేనని బదులిచ్చును. "ఈ ఉత్తరము ఫలానావారి నుండి" అని మొదటిది అనును. మరల 250. "ఇది ఫలానావారికి చేరవలెను" అనును. ఆ పేరుగలవారు అక్కడ ఉన్నచో 250, లేనిచో 550 అని సమాధానము. "అయితే విషయము చెప్పుచున్నాను" అనగానే రెండవది 354 అని, అనగా 'చెప్పుము, వినుచున్నాను' అని తెలుపును. ఉత్తరమంతయు చదివి, చివరి పంక్తిలో ఒకే ఒక చుక్క పెట్టినచో ముగిసినట్లు. అంతట సెలవు పుచ్చుకొనును.

ఉత్తరము ఏ సర్వరుకు పోవలెనో ఎట్లు తెలియును? ఊరి పేరును బట్టి అక్కడి తపాలా కచేరి ఏదో తెలుపు ఒక పెద్ద చిట్టా ఇంటర్నెట్టులో ఉన్నది. దానిని డి.ఎన్.ఎస్. అందురు. దానిలో ఉత్తరముల కొరకు ప్రత్యేకముగా వ్రాసిన పద్దు ఉండును. మన సర్వరు ఆ పద్దు చూచి దారి తెలిసికొనును.

చేరిన ఉత్తరమును మనము తెచ్చుకొనుటకు వేరే మర్యాదలు ఉన్నవి. 1984లో వచ్చిన పాప్ అను పద్ధతి, మనమే పోస్టాఫీసుకు వెళ్ళి ఉత్తరములను ఇంటికి తెచ్చుకొనుట వంటిది. సాధారణముగా తెచ్చుకొన్న తరువాత అక్కడ మిగులదు. 1986లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయములో మార్క్ క్రిస్పిన్ రూపొందించిన ఐమ్యాప్ అను పద్ధతిలో ఉత్తరములు పోస్టాఫీసు పెట్టెలోనే ఉండును. ఫోను నుండి అయినా, కళాశాల కంప్యూటరు నుండి అయినా మనము అక్కడికి పోయి చూచి వచ్చుట మాత్రమే. నేటి సౌకర్యమంతయు ఈ రెండవ మార్గమునకు చెందినది. కానీ దీనివలన ఒక ఫలితము కలుగుచున్నది. మన పదేండ్ల ఉత్తరములు మన ఇంటిలో లేవు. ఇంకొకరి కచేరిలో, మన పేరున్న పెట్టెలో ఉన్నవి. తాళపుచెవి ఎవరి చేతిలో ఉన్నచో వారికి పదేండ్ల జీవితము ఒక్కమారుగా దొరకును. మా విద్యార్థిని పెట్టె విషయములో జరిగినది అదియే.

ఇక అసలు సంగతికి వచ్చెదము. 1982 నాటి ఆ మర్యాదలో రెండు లోపములు ఉన్నవి. మొదటిది, ఉత్తరము బహిరంగముగా పోవును. అది కవరు కాదు, పోస్టుకార్డు. దారిలో తీగను పట్టుకొన్న ప్రతివాడును చదువుకొనవచ్చును. రెండవది, "ఫలానావారి నుండి" అని చెప్పినప్పుడు నిజమా అని అడుగువారు లేరు. పోస్టుకార్డు మీద క్రింద ఎవరి పేరైనా వ్రాయవచ్చును గదా! ప్రిన్సిపాలు పేర, బ్యాంకు మేనేజరు పేర, స్కాలర్‌షిప్పు అధికారి పేర దొంగ ఉత్తరములు వచ్చుటకు మూలము ఇక్కడ ఉన్నది.

ఈ రెండు లోపములను సరిచేయుటకు తరువాతి కాలమువారు చేసిన ప్రయత్నములను వేరువేరుగా అర్థము చేసికొనవలెను. మా వ్యాసమునకు సారము ఇక్కడనే ఉన్నది.

మన తపాలా శాఖవారు ఉత్తరములను సంచిలో వేసి, మూతి బిగించి, సీలు వేసి రైలుకు ఎక్కించు పద్ధతిని చూచినవారు ఇంకను ఉన్నారు. దారిలో ఆ సంచిని ఎవడైనా విప్పినచో సీలు చెడి బయటపడును. కానీ సంచి చేరవలసిన కచేరికి చేరగానే సీలు పగులగొట్టి ఉత్తరములను బల్ల మీద పోయుదురు. అందులో పోస్టుకార్డు ఉన్నచో బల్ల దగ్గర కూర్చున్నవారు చదువవచ్చును. కవరు ఉన్నచో చదువలేరు. సంచికి వేసిన సీలు వేరు, ఉత్తరమునకు వేసిన ముద్ర వేరు.

ఈమెయిలులో సంచికి వేయు సీలు పేరు టి.ఎల్.ఎస్. మన ఫోనునకును సర్వరునకును మధ్య, ఒక సర్వరునకును మరియొక సర్వరునకును మధ్య పోవు మాటలను ఇది సంకేతలిపిలోనికి మార్చును. దీనినే ఎన్‌క్రిప్షన్ అందురు. సర్వర్లు మాటలాడుకొనునప్పుడు మధ్యలో 'ఇక తెర వేసికొందము' అని చెప్పుకొను ఏర్పాటు 1999లో వచ్చినది. నేడు పెద్ద సంస్థల మధ్య నడుచు ఉత్తరములు చాలా వరకు ఇట్టి సీలు వేసిన సంచులలోనే పోవుచున్నవి. అయితే అవతలి సర్వరు తనకు తెర అలవాటు లేదన్నచో, ఇవతలిది సాధారణముగా తెర లేకుండగనే ఉత్తరమును అప్పగించును. ఉత్తరము ఆగిపోవుటకంటె విప్పి పంపుట మేలని ఆనాటివారి ఆలోచన. ఈ బలహీనతను తొలగించుటకు 2018లో వేరొక నియమము వచ్చినది. దానిని పాటించునది ఇష్టమున్నవారే.

కనుక చిరునామా ప్రక్కన చిన్న తాళపు బొమ్మ కనబడగానే అంతయు భద్రమని సంతోషించుట తగదు. ఆ బొమ్మ చెప్పునది సంచి సంగతి మాత్రమే. పంపువారి సర్వరులోను, అందుకొనువారి సర్వరులోను సంచి విప్పబడును. అక్కడ మన ఉత్తరము పోస్టుకార్డే.

ఉత్తరమునకే ముద్ర వేయుట వేరొక విద్య. దాని చరిత్రలో మనవారు గర్వింపదగిన ఒక అధ్యాయము కలదు. తొమ్మిదవ శతాబ్దములో బాగ్దాదు నగరమున ఉండిన అల్ కిందీ అను విద్వాంసుడు, సంకేతలిపిలోని లేఖలను విప్పుటను గూర్చి అరబ్బీలో ఒక గ్రంథము వ్రాసినాడు. ప్రతి భాషలోను కొన్ని అక్షరములు ఎక్కువగా, కొన్ని తక్కువగా వచ్చును. లేఖలోని గుర్తులను లెక్కించి, ఏ గుర్తు ఎన్నిమారులు వచ్చినదో చూచినచో దాని వెనుకనున్న అక్షరమును ఊహింపవచ్చునని ఆయన చూపినాడు. అనగా ఒక అక్షరమునకు బదులుగా మరియొక అక్షరము పెట్టు రహస్యము రహస్యము కాదని వెయ్యేండ్ల క్రిందటనే తేలిపోయినది. సంకేతలిపికి పాశ్చాత్యులు వాడు 'సైఫర్' అను మాట కూడా అరబ్బీ 'సిఫ్ర్' నుండి వచ్చినదే. మన ఉర్దూ విద్యార్థులు లెక్కలలో రోజూ పలుకు సున్న అది.

తరువాత వెయ్యి సంవత్సరముల పాటు ఒక చిక్కు తెగలేదు. రహస్యముగా వ్రాయవలెనన్నచో ముందుగా ఇద్దరికీ ఒకే తాళపుచెవి ఉండవలెను. ఆ చెవిని దూరమున ఉన్నవానికి ఎట్లు పంపవలెను? దారిలో అది దొంగిలింపబడినచో? 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను ఇద్దరు ఈ చిక్కునకు దారి చూపినారు. మరుసటి సంవత్సరము రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ అను ముగ్గురు దానిని ఆచరణయోగ్యమైన గణితముగా మలచినారు. దాని భావము ఇది: ప్రతివాడును రెండు వస్తువులు తయారు చేసికొనును. ఒకటి తెరిచియున్న తాళము. రెండవది దాని చెవి. తెరిచిన తాళములను ఊరందరికీ పంచిపెట్టవచ్చును. మనకు ఉత్తరము వ్రాయువాడు పెట్టెలో పెట్టి మన తాళమును నొక్కును. నొక్కినవానికి కూడా అది మరల తెరుచుకొనదు. చెవి మన వద్దనే ఉన్నది, ఎన్నడును ప్రయాణము చేయలేదు.

ఇది కేవలము ఉపమానము కాదు, లెక్క. విద్యార్థులు కాగితము మీద చేసి చూడవచ్చును. 3, 11 అను రెండు ప్రధాన సంఖ్యలను గుణించిన 33. బహిరంగమైన తాళము: 33, 3. రహస్యమైన చెవి: 7. పంపవలసిన సంఖ్య 4 అనుకొందము. 4ను మూడు మారులు వేసి గుణించిన 64. దానిని 33 చేత భాగించిన శేషము 31. ఈ 31 దారిలో పోవును. అందుకొన్నవాడు 31ని ఏడు మారులు వేసి గుణించి 33 చేత భాగించినచో శేషము సరిగా 4 వచ్చును. 33ను చూచి 3, 11 అని ఎవరైనా చెప్పగలరు. కానీ నిజముగా వాడు సంఖ్యలకు ఆరువందలకు పైగా అంకెలు ఉండును. గుణించుట సులభము. గుణించినదానిని మరల విడదీయుట, నేటి కంప్యూటర్లకు కూడా అందనంత కాలము పట్టు పని. ముద్ర యొక్క బలము ఆ భేదములో ఉన్నది.

ఈ విద్యను సామాన్యుని ఈమెయిలునకు అందించినవాడు ఫిలిప్ జిమ్మర్మన్. 1991లో ఆయన పి.జి.పి. అను సాధనమును వ్రాసి ప్రజలకు ఉచితముగా ఇచ్చినాడు. అది దేశపు ఎల్లలు దాటినదని అమెరికా ప్రభుత్వము ఆయన మీద విచారణ నడపి, 1996లో విరమించినది. యుద్ధ సామగ్రి జాబితాలో ఫిరంగుల సరసన సంకేతలిపిని కూడా చేర్చిన కాలము అది. పి.జి.పి. ముద్ర వేసిన ఉత్తరమును సర్వరువారు కూడా చదువలేరు. పంపినవాడు, అందుకొన్నవాడు తప్ప మూడవవానికి అర్థము కాదు. అయితే ఎవరికి పంపినాము, ఏ తేదీన పంపినాము అనునవి కవరు పైన ఉండుటచే కనబడును. విషయము అని పైన వ్రాయు పంక్తి కూడా మామూలుగా కనబడును. చెవి పోయినచో పాత ఉత్తరములు మనకు కూడా తెరుచుకొనవు. ఇది కొంత శ్రమతో కూడినది కనుకనే ముప్పది సంవత్సరములు దాటినను ఇంటింటికీ చేరలేదు. ఆ సత్యమును దాచిపెట్టుట న్యాయము కాదు.

రెండవ లోపమైన దొంగ సంతకమునకు కూడా మందు దొరికినది. ఎస్.పి.ఎఫ్. అను ఏర్పాటులో, మా ఊరి ఉత్తరములు ఫలానా సర్వర్ల నుండి మాత్రమే వచ్చునని డి.ఎన్.ఎస్. చిట్టాలో ముందుగా ప్రకటింతురు. డి.కిమ్ అను ఏర్పాటులో, పంపు సంస్థ ప్రతి ఉత్తరము మీద గణిత ముద్ర వేయును. దారిలో ఒక్క అక్షరము మారినను ముద్ర సరిపోదు. డి.మార్క్ అను మూడవది, ఈ పరీక్షలలో తప్పిన ఉత్తరమును ఏమి చేయవలెనో చెప్పును. 2024 ఫిబ్రవరి నుండి గూగుల్, యాహూ సంస్థలు పెద్ద సంఖ్యలో ఉత్తరములు పంపువారికి ఈ మూడింటిని తప్పనిసరి చేసినవి. ఒక కళాశాల తన సొంత పేరుతో ఈమెయిలు నడుపుచు ఈ మూడింటిని అమర్చుకొననిచో, దాని పేర దొంగ ఉత్తరము వ్రాయుట దొంగకు సులభము. ప్రిన్సిపాలు పేర "ఫీజు ఈ ఖాతాలో కట్టుడు" అని ఒక ఉత్తరము వచ్చినచో మన విద్యార్థులలో ఎందరు అనుమానింతురు?

ఇంతవరకు చదివిన పెద్దలు కొందరు ఒక ప్రశ్న వేయవచ్చును. "మనము సామాన్యులము. దాచుకొనవలసిన తప్పు పని ఏమి చేసినాము? దొంగలకే గదా తాళములతో పని!" ఈ మాటను మేము గౌరవముతోనే కాదనుచున్నాము. రహస్యము వేరు, గుట్టు వేరు. తప్పు చేసినవాడు దాచునది రహస్యము. మానముగల ప్రతి ఇల్లు కాపాడుకొనునది గుట్టు. ఇంటికి తలుపు పెట్టినవాడు దొంగ కాదు. పిల్ల మార్కులు, తల్లి వైద్య పరీక్ష ఫలితము, అన్నగారి అప్పు పత్రము వీధిలో పరచవలసినవి కావు. వ్యక్తి గోప్యత రాజ్యాంగము 21వ అధికరణము క్రింద ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఖాలాకు ఆ అధికరణము తెలియదు. గుట్టు తెలియును.

మరికొందరు, నేరస్థులు కూడా ఈ ముద్రల చాటున దాగుదురు గదా అందురు. నిజమే. నేరమును విచారించు హక్కు ప్రభుత్వమునకు ఉండవలెను. సంకేతలిపిని విప్పి చూపుమని ఆజ్ఞాపించు అధికారము 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము 69వ సెక్షను ఇచ్చుచున్నది. దానికి ఒక పద్ధతి, లిఖితపూర్వకమైన ఉత్తర్వు ఉండవలెనని 2009 నాటి నియమములు చెప్పుచున్నవి. చట్టప్రకారము ఒక ఇంటిని సోదా చేయుట వేరు, ఊరిలోని ఇండ్లన్నిటికీ బలహీనమైన తాళములే అమ్మవలెననుట వేరు. బలహీనమైన తాళము పోలీసునకు ఎంత సులభముగా తెరుచుకొనునో దొంగకును అంత సులభముగా తెరుచుకొనును. గణితమునకు చేతిలోని వారంటు కనబడదు.

అయితే ఒక విషయమును మేము దాచము. మా విద్యార్థిని సీటు పోయినది సంకేతలిపి బలహీనమై కాదు. ఆమె ఉత్తరము పోయిన సంచులకు అన్ని సీలులూ సక్రమముగానే ఉండియుండును. 600 అంకెల లెక్కను ఎవడును ఛేదించలేదు. చెవి మాత్రము దుకాణము బల్ల మీద ఉన్నది. తాళము వేసినాము, గొళ్ళెము మరచినాము అను సామెత ఇంతకంటె బాగుగా ఎక్కడ అన్వయించును? ప్రపంచములోని మహామేధావులు నలుబది సంవత్సరములు శ్రమించి చేసిన తాళమును మనము తెచ్చుకొని, చెవిని ముక్కు మొగము తెలియనివాని చేతిలో పెట్టుచున్నాము. పైగా పెట్టుమని ఉపాధ్యాయులమైన మేమే చెప్పుచున్నాము.

కావున మా మనవి రెండు వైపులకు. కళాశాల కమిటీవారికి మొదట: ప్రవేశము పొందిన ప్రతి విద్యార్థికి మొదటి వారములోనే, వారి సొంత ఫోను నంబరుతో, వారికి మాత్రమే తెలిసిన పాస్‌వర్డుతో, ఈమెయిలు పెట్టెను మన కంప్యూటరు గదిలోనే తెరిపించవలెను. ఫోను లేని పిల్లలకు ఇంటిలోని తల్లిదండ్రుల నంబరు వాడవచ్చును. అంతేగాని దుకాణపు నంబరు, అధ్యాపకుని నంబరు పనికిరాదు. రెండవది, కార్యాలయమునకు వచ్చు ధ్రువపత్రములన్నియు చేరు పెట్టెకు ఒకే పాస్‌వర్డు ఉండి అది పలువురికి తెలిసి ఉండుట మంచిది కాదు. పని చేయువారికి ఎవరి చెవి వారికి ఉండవలెను. పని ముగిసిన పత్రములను తొలగింపవలెను. మూడవది, కళాశాల పేరుతో ఈమెయిలు ఉన్నచో పైన చెప్పిన మూడు ముద్రలు అమర్చినారా లేదా అని ఒక్కమారు పరీక్షింపజేయవలెను. ఇది భవన నిర్మాణము వంటి ఖర్చు కాదు. తెలిసినవాడు ఒక పూట కూర్చున్నచో తీరు పని.

విద్యార్థులకు చెప్పునది ఇంకను సులభము. పాస్‌వర్డు పొడవుగా, ఒక్కొక్క చోటికి ఒక్కొక్కటిగా ఉండనిండు. పాస్‌వర్డుతో బాటు ఫోనులో మరియొక ఆమోదమును కూడా అడుగు రెండంచెల ఏర్పాటును పెట్టుకొనుడు. ఇతరుల కంప్యూటరులో పెట్టె తెరిచినప్పుడు మూయకుండ లేవకుడు. ఆధార్, పాస్‌బుక్కు వంటివి పంపవలసి వచ్చినప్పుడు ఆ పత్రమునకు వేరే పాస్‌వర్డు పెట్టి, దానిని ఫోనులో చెప్పుడు. చెవిని, పెట్టెను ఒకే సంచిలో వేయరాదు. డబ్బు అడుగు ఉత్తరము వచ్చినప్పుడు పేరు చూచి నమ్మక, చిరునామా చదువుడు. అనుమానమున్నచో మనిషికి ఫోను చేసి అడుగుడు. మోసము జరిగినచో సిగ్గుపడి దాచక వెంటనే 1930 నంబరుకు తెలుపుడు. ఆసక్తి గలవారు పి.జి.పి. నేర్చుకొని ఇద్దరు మిత్రులు ఒకరికొకరు ముద్ర వేసిన ఉత్తరము ఒకటి వ్రాసి చూడుడు. తెలుగులోనో, ఉర్దూలోనో వ్రాయుడు. గణితమునకు లిపి భేదము లేదు.

చదువు వచ్చినవానిని వెతుక్కొని ఖాలా మా గుమ్మము తొక్కినది, వేరే దారి లేక. ఆమె మనుమరాలు ఈనాడు మన కళాశాలలోనే చదువుచున్నది. ఆమెకు చదువు వచ్చును, ఫోను ఉన్నది, చిరునామా ఉన్నది. అయినను తన ఉత్తరము తెరుచుటకు మరల ఇంకొకరి గుమ్మము తొక్కవలసి వచ్చినచో, మధ్యలో గడచిన ముప్పది సంవత్సరముల చదువునకు అర్థమేమి? తన ఉత్తరమును తాను తెరుచుకొని, తాను చదువుకొని, తన ఇష్టమైతేనే ఇతరులకు వినిపించు స్థితికి ప్రతి విద్యార్థిని చేర్చుట మన కళాశాల చేయవలసిన పని. మా వంతుగా, వచ్చే విద్యా సంవత్సరము మొదటి వారములో కంప్యూటరు గదిలో రోజుకొక గంట కూర్చుండుటకు మేము సిద్ధముగా ఉన్నాము. పెట్టె తెరుచు విధానము చూపెదము. పాస్‌వర్డు వ్రాయునప్పుడు మాత్రము ముఖము ప్రక్కకు త్రిప్పుకొందుము.